తంబూరా కూడా లేని పాట: యుంగ్‌చెన్ ల్హామో ‘టిబెట్, టిబెట్’ సీడీ

ముందే చెప్పేస్తున్నా, ఇది నిద్ర పట్టడానికి పెట్టుకునే సీడీ కాదు. నేను కొన్న సైట్‌లో దీన్ని అగరొత్తుల పక్కన ‘రిలాక్సేషన్’ అని పెట్టి అమ్ముతున్నారు. ఊరు వదిలి వచ్చేసిన ఒక టిబెటన్ గాయని పాడుకున్న పాటలివి. తలనొప్పికి రాసుకునే మందు లెక్కన అమ్ముతుంటే ఒళ్లు మండింది.

సెకండ్ హ్యాండ్ సీడీ, పోస్టేజీతో కలిపి 1,150 రూపాయలు పడింది. డబ్బా మూల పగిలింది, లోపలి బుక్‌లెట్ లేనే లేదు. అమ్మినాయనకి మెసేజ్ పెడితే “డిస్క్ ప్లే అవుతోందా, లేదా?” అని ఎదురు ప్రశ్న. అవుతోంది. అందుకని ఒక్క స్టార్ మాత్రమే కోశాను.

నాకూ టిబెట్‌కీ ఏం సంబంధమంటారా? మాది గుంటూరు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ వేడుక జరిగినప్పుడు ఆఫీసుకి సెలవు పెట్టి బస్సెక్కి వెళ్లాను. ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ గుడారాల దగ్గర ఒక టిబెటన్ ముసలావిడ చేతిలో మణిచక్రం (మంత్రం రాసి తిప్పే చిన్న చక్రం) తిప్పుతూ ‘ఓం మణి పద్మే హూం’ అంటోంది. వాళ్ల నోట అది ‘పేమే హుం’ అని వినిపిస్తుంది. ఒకే స్వరం మీద, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో తెలియకుండా. ఆ స్వరం నాకు చాలా ఏళ్లు చెవిలో ఉండిపోయింది. ఈ సీడీ కొన్నది దానికోసమే.

యుంగ్‌చెన్ ల్హామో టిబెట్ రాజధాని ల్హాసా దగ్గర పుట్టింది. పేరు పుట్టినప్పుడు ఒక లామా పెట్టిందట. టిబెటన్లు ‘యాంగ్‌చెన్‌మా’ అనేది మన సరస్వతినే, కాబట్టి పేరులోనే పాట ఉంది. 1989లో హిమాలయాలు కాలినడకన దాటి హిమాచల్‌లోని ధర్మశాల ఊరు చేరింది. 1993లో ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ మొదటి ఆల్బమ్‌కి 1995లో ఆ దేశపు సంగీత అవార్డు ‘ఏరియా’ (ARIA) వచ్చింది. ఆ తర్వాత ఇంగ్లిష్ రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ పెట్టిన రియల్ వరల్డ్ రికార్డుల కంపెనీ 1996లో ఈ ‘టిబెట్, టిబెట్’ తెచ్చింది. మరుసటి ఏడాదే న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడింది.

సీడీలో దాదాపు అంతా ఒక్క గొంతే. నేను చిన్నప్పుడు కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకుని పెళ్లితో ఆపేసినదాన్ని. శ్రుతి లేకుండా నోరు తెరిస్తే మా మాస్టారు బెత్తం తీసేవారు. అందుకని నాకో దుర్బుద్ధి పుట్టింది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తీసి పాట మొదట్లో ఆవిడ స్వరానికి కలిపాను. అయిదు శ్రుతికీ అయిదున్నర శ్రుతికీ మధ్య ఎక్కడో ఉంది, సన్న మీట తిప్పితే గానీ కుదరలేదు. తర్వాత పెట్టె సౌండ్ పూర్తిగా తగ్గించేసి, పాట అయిపోతుండగా మళ్లీ పెంచాను. వెంట్రుకవాసి దిగింది, అంతే. అన్ని నిమిషాలు, ఆనుకోవడానికి ఏమీ లేకుండా! నాకైతే రెండో చరణానికే ఇంకో శ్రుతిలోకి పోతుంది.

మన గమకం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. ఈవిడ గొంతు పైకి వెళ్తూ వెళ్తూ టక్కున విరిగి, అంతలోనే అతుక్కుంటుంది. అవతలి కొండ మీద పశువులు కాసే మనిషిని పిలిచినట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు మా ఆయన వంటింట్లోంచి “ఏమైంది, ఎవరు ఏడుస్తున్నారు?” అంటూ వచ్చారు. నేనేమీ అనలేదు. ఆయనన్నది మరీ తప్పేమీ కాదు.

తర్వాతి ఆల్బమ్‌లు కూడా ఫోన్‌లో విన్నాను. 1998లో వచ్చిన ‘కమింగ్ హోమ్’ ఫ్రెంచ్ సంగీతకర్త హెక్టర్ జాజూ చేసినది, చుట్టూ బోలెడు వాద్యాలు, సౌండ్లు. బాగుంది, కాదనను. కానీ పట్టుచీర మీద శాలువా కప్పినట్టుంది. 2006 నాటి ‘ఆమా’లో ఒక పాటకి బ్రిటిష్ పాప్ గాయని యానీ లెనాక్స్ గొంతు కలిపింది. కొత్తవాళ్లకి వినడానికి అవే సులువు. నన్నడిగితే మాత్రం ముందు ఇదే కొనండి. కారులో పెట్టకండి, ఏసీ మోతలో ఆవిడ ఊపిరి వినపడదు. ఆ ఊపిరి వినపడకపోతే సగం పోయినట్టే. పొద్దున్నే పాలవాడు రాకముందు, ఫ్యాన్ ఆపి వినండి.

ఇక నా అసలు కష్టం బుక్‌లెట్ లేకపోవడం. మాటలు ఒక్కటీ తెలియవు. చలికాలం మా రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మే టిబెటన్లు దుకాణాలు వేశాక, ఫోన్ పట్టుకుని అక్కడికే వెళ్లాను. ఒకావిడ మైసూరు దగ్గర టిబెటన్ శరణార్థులుండే బైలకుప్పెలో పుట్టిందట, తెలుగూ హిందీ కలిపి మాట్లాడుతుంది. టిబెట్ చూశారా అంటే “నేను లేదు, మా అమ్మ చూసింది” అంది. ఇయర్‌ఫోన్ ఒకటి తనకిచ్చి, ఒకటి నేను పెట్టుకున్నాను. మడతపెడుతున్న స్వెటర్ ఒళ్లో అలాగే ఉండిపోయింది.

“లామాకి దండం పెడుతోంది. ల్హాసా వాళ్ల మాట ఇది” అంది. ఇంకో పాటకి “ఇది ఎలా చెప్పాలి… తెలుగులో లేదు” అని చెయ్యి గాల్లో తిప్పి వదిలేసింది. నేను ఇంకో ఆల్బమ్ పేరు చూపించి ‘ఆమా’ అంటే ఏంటని అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, “ఆమా అంటే అమ్మే కదా అమ్మా!” అంది.

మొదటి పాట మళ్లీ పెట్టమని మొత్తం వింది. పేరు రాసిమ్మంది, రాసిచ్చాను. పనిలో పని, మా ఆయనకి ఒక నీలం స్వెటర్ తీసుకున్నాను. ఇంతసేపు పాట వినిపించాను కదా అని వంద తగ్గించమంటే, “ఫిక్స్‌డ్ రేట్ అమ్మా” అని బోర్డు చూపించింది.