లాఫ్రోయిగ్ ట్రిపుల్ వుడ్: కాసిని నీళ్లు పడ్డాకే బయటికొచ్చే మూడో పీపా

పద్నాలుగు నెలల్లో ఈ స్కాచ్ విస్కీ రెండు సీసాలు పూర్తయ్యాయి. సగటున పది రోజులకోసారి ఒక పెగ్గు, ఎవరైనా వస్తే ఇంకొకటి. స్కాట్లండ్‌లోని ఐలా దీవి విస్కీల పీట్ పొగ (బార్లీని ఆరబెట్టేటప్పుడు కాల్చే చిత్తడినేల మట్టి పొగ) గురించి ఇక్కడ మళ్లీ చెప్పను. పడేవాళ్లకి అది ప్రాణం, పడనివాళ్లకి ఆసుపత్రి వాసన. నన్ను పట్టుకున్నది మాత్రం ఇందులోని మూడో పీపా.

ఈ విస్కీ మొదట బర్బన్ (అమెరికన్ విస్కీ) నిలవుంచిన పీపాల్లో, తర్వాత చిన్నవైన క్వార్టర్ కాస్కుల్లో, చివర ఒలొరోసో షెర్రీ (ఒక రకం స్పానిష్ వైన్) వాసన పట్టిన యూరోపియన్ ఓక్ పీపాల్లో ఉంటుంది. మొదటి వారమంతా నీళ్లు కలపకుండానే తాగాను. పొగ, ఉప్పదనం, వనిల్లా. షెర్రీ ఎక్కడా కనబడలేదు.

రెండో వారం ఒక స్నేహితుడు వచ్చి, తన గ్లాసులో ఫ్రిజ్ నీళ్లు సగానికి సగం పోసుకున్నాడు. చూస్తుండగానే అది పలచటి గంజిలా మసకబారింది. నాకు టెన్షన్ పట్టుకుంది, నకిలీ సీసా అంటగట్టారేమోనని. అతను రెండు గుటకలు వేసి పక్కన పెట్టేశాడు. అతను వెళ్లాక సీసా తిప్పి చూస్తే, చిల్ ఫిల్టర్ చేయలేదని దానిమీదే రాసి ఉంది. విస్కీలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఉంటాయి. అవి గాఢమైన ఆల్కహాల్‌లో కరిగి ఉంటాయి, చల్లటి నీళ్లు పడితే సన్నటి కణాలుగా విడిపోయి మసక తెస్తాయి. చాలామంది తయారీదారులు విస్కీని బాగా చల్లబరిచి వాటిని ముందే వడకట్టేస్తారు. దీన్ని అలా వడకట్టకుండా 48 శాతం గాఢతతో నింపారు కాబట్టి సీసాలో ఉన్నంతసేపూ తేటగానే ఉంది.

పారబోసేముందు ఆ గ్లాసు వాసన చూశాను. అప్పటికి చల్లదనం పోయింది. ఎండుద్రాక్ష, నారింజ తొక్క, కాస్త అక్రోటు! వారం రోజులు వెతికినా దొరకనిది, పాడైందనుకున్న గ్లాసులో దొరికింది. ఆ రాత్రి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

అప్పటినుంచి పెగ్గుకి అర చెంచా నీళ్లు, చల్లవి కాదు, మామూలువి. పోసి అయిదు నిమిషాలు ఆగాలి. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో ఒక సంగతి చూపించారు: పొగ వాసననిచ్చే గ్వాయకాల్, గాఢత తగ్గితే ద్రవం పైభాగానికి చేరుతుందని. నా గ్లాసులోనూ నీళ్లు పడగానే ముందు పొగే గుప్పుమంటుంది. అది కాస్త సద్దుమణిగాక షెర్రీ తీపి మెల్లగా వస్తుంది. ఆ రెండింటి మధ్య ఉండే రెండు మూడు నిమిషాల కోసమే నేను ఈ సీసా తీస్తాను.

మూడు పీపాలనీ విడివిడిగా పట్టుకోవచ్చని మొదట్లో కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. రెండో సీసా సగానికొచ్చాక, అదే కంపెనీ అమ్మే క్వార్టర్ కాస్క్ అనే విస్కీని తెచ్చి పక్కన పెట్టాను. అదీ 48 శాతమే, షెర్రీ పీపా ఒక్కటే తేడా. ఏది ఏదో తెలియకుండా మా ఆవిడ చేత పోయించుకున్నాను. నీళ్లు లేకుండా అయిదుసార్లలో రెండుసార్లు తప్పు చెప్పాను. నీళ్లతో అన్నీ సరిగ్గా చెప్పాను. కానీ బర్బన్ పీపా నుంచి ఏది వచ్చిందో, చిన్న పీపా నుంచి ఏది వచ్చిందో నా ముక్కు ఇప్పటికీ విడదీయలేదు. కనక నాకు తెలిసేవి రెండే: షెర్రీ, మిగతాదంతా.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మొదటి సీసా మూడో వంతుకి పడిపోయాక రెండు నెలలు ముట్టుకోలేదు. తెరిచేసరికి పొగ బాగా నీరసించి, తీపి ఒక్కటే మిగిలింది. కొందరికి అదే నచ్చవచ్చు, నాకు మాత్రం దిగులేసింది.

నాలా అరుదుగా, తీరిగ్గా, నీళ్లతో తాగేవాళ్లకైతే ఇది తీసుకోమనే చెబుతాను. ఐసు, సోడా కావాలనుకుంటే ఆ మూడో పీపా మీకు అందుతుందని మాటివ్వలేను. నేనైతే మూడో సీసా కొంటాను. ఈసారి తెరిచిన రోజే సగం చిన్న సీసాలోకి ఒంపి, గట్టిగా మూత బిగిస్తాను.