కంపైల్ టైం చూసి ఎమ్‌జీఎల్ఆర్‌యూని తీసిపారీకండి

ఎమ్‌జీఎల్ఆర్‌యూ అంటే ర్యామ్ నిండిపోతే ఏ పేజీల్ని (మెమరీ ముక్కల్ని) ఖాళీ చెయ్యాలో తేల్చడానికి లైనక్స్ కెర్నల్లో వచ్చిన కొత్త పద్ధతి. దీని గురించి ఎక్కడ చూసినా కెర్నల్ కంపైల్ టైం గ్రాఫొకటి పెట్టీసి "ఏటీ తేడా లేదు" అని రాసీడమే. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ టెస్టు నేనూ పెట్టాను, నిజమే తేడా లేదు, ఎందుకుంటాదండి, నాలుగు జాబ్స్‌తో మేక్ (కంపైల్ కమాండ్) కొడితే 4 జీబీలో హాయిగా పట్టీసింది, రీక్లెయిమ్ (అలా మెమరీ ఖాళీ చేసీ పని) మొదలే అవనప్పుడు రీక్లెయిమ్ కోడ్ మారిందో లేదో ఎలా తెలుస్తాది?

మాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపు. పాత ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కే, ఎస్ఎస్‌డీ కాదు. అడ్మిషన్ల టైంలో బ్రౌజర్ నిండా ట్యాబులు, పక్కన స్కాన్ చేసిన సర్టిఫికెట్లు. అప్పుడు మౌస్ బిగుసుకుపోయేది, డిస్క్ లైటు ఆరేది కాదు, కౌంటర్ అవతలోళ్లు "ఏటి బాబూ, ఇంకా అవలేదా" అంటుంటే నేను పవర్ బటన్ వంక చూసీవోణ్ని.

2022 డిసెంబర్లో లైనక్స్ కెర్నల్ 6.1 వచ్చాక ఎమ్‌జీఎల్ఆర్‌యూ పెట్టాను. దీన్లో నాకు బాగా నచ్చిందేటంటే, కెర్నల్ మార్చకుండానే, దాని సెట్టింగులుండే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఎల్ఆర్‌యూ జెన్ ఫోల్డర్లో ఉన్న ఫైలు ఎనేబుల్డ్‌లో ఎన్ రాస్తే పాత పద్ధతి, వై రాస్తే కొత్తది. అంటే పోల్చడానికి సాకులుండవు. ప్రతిసారీ క్యాషెలు డ్రాప్ చేసి, అవే ట్యాబులు అదే వరసలో తెరిచి, ప్రెషర్ మెమరీ ఫైల్లో "ఫుల్" లైనూ (మెమరీ కోసం పనులన్నీ ఒకేసారి ఆగిపోయిన టైం), వీఎంస్టాట్‌లో మేజర్ ఫాల్ట్‌లూ (పేజీ కోసం డిస్క్‌కి పోవాల్సినవి), రీఫాల్ట్‌లూ (బయటికి పంపిన పేజీనే మళ్లీ తేవాల్సినవి) రాసుకున్నాను. సగటు పక్కన పెట్టండి, అన్నిటికంటే చెడ్డ క్షణం ఎంతసేపుందో చూడండి. తేడా అంతా అక్కడే దొరికింది. క్రోమ్ ఓఎస్, ఆండ్రాయిడ్‌లలో కెస్వాప్‌డీ (వెనకాల మెమరీ ఖాళీ చేసే కెర్నల్ ప్రాసెస్) సీపీయూ వాడకం 40 శాతం తగ్గిందని గూగుల్ వాళ్లు ప్యాచ్‌తో పాటు రాస్తే అబ్బో అనుకున్నాను గానీ, నా దగ్గర కూడా టాప్ కమాండ్ చూపించే లిస్టులో అది పైవరసలోంచి దిగిపోనాది. పాతది ఒక్కో పేజీ పట్టుకుని ఎవరు వాడుతున్నారా అని రివర్స్ మ్యాప్‌లో వెతుక్కునీది, ఇది పేజీ టేబుళ్లనే (ఏ ప్రోగ్రాముకి ఏ పేజీలున్నాయో చెప్పే పట్టికల్ని) వరసగా చూసుకుంటూ పోతాది, అందుకే కాబోలు.

అలాగని దండేసి కూచోబెట్టక్కర్లేదు. అదే ఫోల్డర్లో మిన్ టీటీఎల్ అని ఒకటుంది, మామూలుగా సున్నా. 1000 (మిల్లీసెకన్లు) పెడితే గడిచిన సెకనులో వాడిన పేజీల జోలికి పోదు, దాంతో ఆ బిగుసుకుపోడం పూర్తిగా పోయింది, నేను ఎగిరి గంతేశాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు ఒక గుంటడిది ఫారం అంతా నింపి, ఫొటో, సంతకం ఎక్కించి, సబ్మిట్ నొక్కబోతే ట్యాబ్ మాయం. డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూస్తే ఊమ్ కిల్లర్ (మెమరీ చాలకపోతే ఏదో ఒక ప్రోగ్రాముని ఆపీసేది). ఆ పేజీలు ఉంచడానికి చోటు చాలకపోతే ఎవర్నో ఒకర్ని చంపుతానని డాక్యుమెంటేషన్లోనే ఉంది, కాబట్టి బగ్ అనడానికీ లేదు. కానీ ఆ ఫారం మళ్లీ మొదట్నుంచీ నింపాలి కదా, ఆ సైట్ ఏమో డ్రాఫ్ట్ దాచదు, ఓటీపీ కూడా మళ్లీ రావాలి, వెనకాల లైను. ఆ గుంటడు ఏటీ అన్లేదు, ఆడి నాన్న అన్నాడు.

ఇప్పుడు దాన్ని సున్నా చేసీసి, జెడ్‌రామ్ (ర్యామ్‌లోనే పేజీల్ని కుదించి దాచీది) పెట్టుకున్నాను. అప్పుడప్పుడు కొంచెం ఆగుతాది, ట్యాబ్ మాత్రం పోదు. ఇందులో ఎంత ఎమ్‌జీఎల్ఆర్‌యూ గొప్ప, ఎంత జెడ్‌రామ్‌దో విడిగా కొలవలేదు, సీజన్లో తీరికుండదు. 16 జీబీ ఉన్నోళ్లకి ఈ గొడవే తెలీకపోవచ్చు. నాలా 4 జీబీతో, హార్డ్ డిస్క్‌తో లాక్కొస్తుంటే ముందు ఎనేబుల్డ్‌లో ఏముందో చూడండి, కెర్నల్ బిల్డ్ చేసినోళ్లని బట్టి అది ఆఫ్‌లో కూడా ఉండొచ్చు.