ఎక్స్26 నుంచి ఎస్‌ఎల్7 దాకా: పేరు మారిస్తే బస్సుకు జనం వస్తారా?

లండన్ దక్షిణ శివారు సటన్‌లో మా కాపురం, హీత్రూ విమానాశ్రయంలో నా ఉద్యోగం. ఈ రెంటినీ నేరుగా కలిపే బస్సును పాత పేరున్నప్పుడూ ఎక్కాను, కొత్త పేరు వచ్చాకా ఎక్కుతున్నాను. కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. కొత్త పేరు చూసి జనం ఒకసారి వస్తారు. మళ్లీ మళ్లీ రావాలంటే బస్సు వెంటవెంటనే దొరకాలి.

వెస్ట్ క్రాయిడన్ నుంచి సటన్, కింగ్‌స్టన్ మీదుగా హీత్రూ వెళ్లే ఈ బస్సు 2023 ఆగస్టు వరకు ఎక్స్26. 2005కు ముందు దీన్నే 726 అనేవారు. సుమారు 38 కిలోమీటర్లతో లండన్ నగర బస్సుల్లో అతి పొడవైన రూటు ఇదే. అయినా అరగంటకు ఒక్కటే నడిచేది. కింగ్‌స్టన్‌లో వాహనాలు నిలిచిపోతే ఆ అరగంట కాస్తా ముప్పావుగంట అయ్యేది. ఉదయం షిఫ్టు ఉన్నవాళ్లు భయంతో ఒక బస్సు ముందే బయలుదేరాలి. చలికాలంలో తెల్లవారుజామున ఆ అరగంట నిద్ర ఎంత విలువైనదో స్టాపులో నిలబడినవాళ్లకే తెలుసు. ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మా వీధిలో ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు కూడా ఇక్కడి నుంచి హీత్రూకు నేరుగా బస్సు ఉందన్న సంగతి తెలియదు. ‘ఎక్స్26’ అని చదివితే అది ఎక్కడికి పోతుందో ఎవరికి అర్థమవుతుంది?

2023 మార్చిలో మేయర్ సాదిక్ ఖాన్ ‘సూపర్‌లూప్’ పథకాన్ని ప్రకటించారు. నగర శివార్లను చుట్టివచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సులన్నిటికీ ఒకే పేరు, ఎరుపు తెలుపు రంగులు, మెట్రో రైలు పటంలా గుండ్రని పటం. ఆగస్టులో మా ఎక్స్26 ఎస్‌ఎల్7గా మారింది. దానితోపాటే అరగంటకు ఒకటి కాస్తా పావుగంటకు ఒకటి అయింది. పేరు మార్పును విడిగా తూచడం అందుకే కష్టం. పైగా అదే నెల 29 నుంచి పాత, పొగ ఎక్కువ వదిలే కార్లకు రోజుకు 12.50 పౌండ్ల రుసుము శివార్లన్నిటికీ విస్తరించింది. కారు పక్కన పెట్టి బస్సు ఎక్కినవాళ్లు నా తోటి ఉద్యోగుల్లోనే ఉన్నారు.

అయినా పేరుకు దక్కాల్సిన గౌరవం పేరుకు దక్కాలి. పటం చూశాక మా పక్కింటివాళ్లు తొలిసారి నన్నడిగారు: “ఇది నిజంగా హీత్రూ దాకా పోతుందా?” వాళ్లిప్పుడు ప్రయాణాలకు టాక్సీ పిలవడం లేదు. తెలియని బస్సును తెలిసిన బస్సు చేయడం పేరు పని. ఆ పని అది బాగా చేసింది. ఇక ఎక్స్140ని ఎస్‌ఎల్9 అన్నారు. అది అంతకుముందే తరచుగా నడిచే బస్సు. హీత్రూలో అది ఎక్కే స్నేహితురాలిని అడిగితే, పేరు తప్ప తనకేమీ తేడా తెలియలేదంది. నాకు ఆశ్చర్యం కలగలేదు.

పోయిన వేసవిలో అత్తయ్యగారు, మామయ్యగారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇదే బస్సులో ఇంటికి తీసుకొచ్చాను. నాలుగు పెద్ద సూట్‌కేసులు. రెండింటిని చక్రాల కుర్చీ నిలిపే ఖాళీలో పెట్టి, మలుపు వచ్చినప్పుడల్లా మోకాలితో అదిమి పట్టుకున్నాను. మామయ్యగారు టికెట్టు ఎంతని అడిగారు. 1.75 పౌండ్లని చెబితే, “ఎక్స్‌ప్రెస్‌కు కూడా అంతేనా అమ్మా?” అన్నారు. అసలు కీలకం ఆయన ప్రశ్నలోనే ఉంది. మన దగ్గర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, గరుడ అన్న పేర్లు ముందుగా చెప్పేది ఛార్జీ. పేరు పెద్దదైతే టికెట్టూ పెద్దదే. లండన్‌లో సాదా సిటీ బస్సుకూ సూపర్‌లూప్‌కూ ఒకటే ఛార్జీ, గంటలోపు ఇంకో బస్సు మారినా అదనంగా ఏమీ తీసుకోరు. పేరు చూసి జనం జంకకపోవడానికి కారణం అదే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు మహిళలతో నిండిపోయాయి. అక్కడ ఏ బస్సుకూ కొత్త పేరు పెట్టలేదు, రంగు వేయలేదు.

లోపాలూ చెప్పాలి. తక్కువ స్టాపులు ఉంటే చాలు, వేగం దానంతటదే రాదు. టెడింగ్‌టన్ దాటాక హాటన్ క్రాస్ దాకా హాయిగా సాగుతుంది. కానీ వర్స్టర్ పార్క్, కింగ్‌స్టన్ దగ్గర ఇరుకు రోడ్ల మీద ఎక్స్‌ప్రెస్సూ కార్ల వెనకాలే నిలబడాలి. సాయంత్రం అక్కడ ఆలస్యమైతే రెండు బస్సులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, తరువాత చాలాసేపు ఏదీ రాదు. ఆ రోజు పావుగంట అన్న మాటకు విలువ ఉండదు. బస్సుకు పెయింటు వేసిన శ్రద్ధతోనే రోడ్డు మీద బస్సులకు మాత్రమే విడిగా ఒక వరుస కూడా గీయాలని గట్టిగా కోరుకుంటున్నాను. వలయం అన్నారని ఒకే బస్సులో నగరమంతా చుట్టిరావచ్చని కూడా అనుకోవద్దు, మధ్యలో బస్సులు మారాల్సిందే.

నా మార్కులు: పేరుకూ పటానికీ 5కు 3, పావుగంట బస్సుకు 5, సాయంత్రం నమ్మకానికి 2. సటన్ నుంచి హీత్రూకు గంటకు పైనే పడుతుంది. సామాను ఉంటే రద్దీ వేళ తప్పించి ఎక్కండి. రాత్రంతా నడవదు కాబట్టి తెల్లవారుజామున విమానం ఉంటే వేరే ఏర్పాటు చూసుకోండి. ఐదో టెర్మినల్‌కు వెళ్లేవాళ్లు హీత్రూ సెంట్రల్‌లో దిగి ఉచిత రైలు పట్టుకోవచ్చు.