నాలుగేళ్లు, 14 వేల కిలోమీటర్లు: నా టూరింగ్ సైకిల్

దూర ప్రయాణాలకి సైకిల్ కొనేటప్పుడు మనం ముందు చేసే పని, దాన్ని ఒక చేత్తో ఎత్తి చూడటం. నేనూ అలాగే ఎత్తి చూసి, తేలిగ్గా ఉందని 10 కిలోల అల్యూమినియం సైకిల్ తీసుకున్నాను. ఏడాది తిరక్కుండానే వదిలేశాను. ఇప్పుడు తొక్కుతున్నది స్టీల్ ఫ్రేమ్‌ది, 14 కిలోలు.

పాతదాని వెనక చక్రానికి 28 చువ్వలే. 18 కిలోల సామానుతో కొండదారి ఎక్కుతుంటే టింగుమని శబ్దం వచ్చింది. వెంటనే చక్రం వంకరపోయి, దాని అంచు బ్రేకుకి రాసుకోవడం మొదలైంది. దిగి చూస్తే గేర్ల వైపు చువ్వ ఒకటి హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో తెగి వేలాడుతోంది. ఎక్కువగా తెగేవి ఆ వైపువే. క్యాసెట్‌కి, అంటే వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తికి, చోటివ్వాలి కాబట్టి కుడి చువ్వలు దాదాపు నిటారుగా, ఎడమవాటికంటే బాగా బిగువుగా ఉంటాయి. స్పేర్ చువ్వ నా దగ్గరుంది. కానీ క్యాసెట్ ఊడదీస్తే తప్ప అది దూరదు, దాని పనిముట్టు నేను తీసుకెళ్లలేదు. తెగినదాన్ని పక్క చువ్వకి చుట్టేసి, వెనక బ్రేకు వదులు చేసి, మిగిలిన 30 కిలోమీటర్లు ముందు బ్రేకు మీదే భయంభయంగా లాక్కొచ్చాను.

కొత్తదానికి 36 చువ్వలు. నాలుగేళ్లలో ఒక్కటీ తెగలేదు, రెండుసార్లు బెండు తీయించానంతే. అందుకే ఎవరడిగినా ముందు వెనక చక్రం చూడమంటాను.

తర్వాత గేర్లు. పాతదాంట్లో అన్నిటికంటే తేలిక గేరులో కూడా ముందు 34 పళ్ళు, వెనక 28. ఇందులో ముందు 26, వెనక 34. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 1.7 మీటర్లే కదులుతుంది. పాతదైతే రెండున్నర మీటర్లు దాటేది. లెక్కలో చిన్న తేడాలా ఉంటుంది గానీ, సాయంత్రం ఆఖరి ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్లకి తెలుస్తుంది. నడిచేంత వేగంతోనే అయినా కూర్చునే ఎక్కుతున్నాను, దిగి తొయ్యడం లేదు.

ఇంకో విషయం నాకు కొనేదాకా తెలియదు. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి పాతదాంట్లో 41 సెంటీమీటర్లు, ఇందులో 46. ఆ అయిదు సెంటీమీటర్లు లేకపోతే తొక్కిన ప్రతిసారీ మడమ వెనక క్యారియర్‌కి తగిలించిన బ్యాగుకి తగులుతుంది. బ్యాగు వెనక్కి జరిపితే బరువంతా ఇరుసు దాటిపోయి సైకిల్ తోక ఊపుతుంది. ఖాళీ సైకిల్ తొక్కి చూస్తే ఇవేవీ బయటపడవు. కొనేముందు 15 కిలోలు కట్టి తొక్కి చూడండి, కొట్టువాళ్ళు మొహం చిట్లించినా సరే.

టైర్లు 38 మిల్లీమీటర్లవి, పంక్చర్లు తక్కువ. లెదర్ సీటు మొదటి నెల నరకం చూపించింది. ఇప్పుడు దాన్ని ఎవరికీ ఇవ్వను.

లోపాలు లేవనను. సామాను లేనప్పుడు మొద్దులా కదులుతుంది. మెట్ల మీద మోయాలంటే విసుగొస్తుంది. క్యారియర్ బోల్టులు గతుకులకి వదులవుతాయి, రోజూ పొద్దున్న ఒకసారి బిగించుకోవాలి. తిన్నటి హ్యాండిల్ మాత్రం నాకు పడలేదు. నాలుగో గంటకల్లా చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయి. చేతులు మార్చి పట్టుకోవడానికి వీలుండే వంపు హ్యాండిల్ తెప్పించాను, ఈ వారమే బిగించాలి.