వెన్నుపాము దెబ్బ తర్వాత: మెదడులో ఎలక్ట్రోడా, మెడ మీద ప్యాడా?

రెండూ కరెంటుతో చేసే చికిత్సలే, కానీ పోలిక దాదాపు అక్కడితోనే ఆగిపోతుంది.

మెదడులో: స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. లాటరల్ హైపోథాలమస్ అనే చిన్న భాగంలో ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు పంపే సన్నని తీగలు, అమర్చారు. ఆకలి, ఉత్సాహం లాంటివాటితో ముడిపడిన ఆ భాగానికి నడకతోనూ సంబంధం ఉందని తేలడం నాకు నిజంగా ఆశ్చర్యం. వెన్నుపాము పూర్తిగా తెగని ఇద్దరికి నడక మెరుగైంది. నెలల శిక్షణ తర్వాత, కరెంటు ఆపినా ఆ మెరుగుదల కొంత నిలిచింది.

మెడ మీద: ఆర్క్-ఎక్స్ అనే పరికరం. చర్మం మీద ప్యాడ్లు అంటించి, వాటి ద్వారా వెన్నుపాముకు కరెంటు పంపుతూ చేతులకు వ్యాయామం చేయిస్తారు. 60 మంది మీద పరీక్షిస్తే 72 శాతం మందికి చేతుల బలం, పనితనం రెండూ పెరిగాయి. 2024 డిసెంబరులోనే అమెరికాలో మందులను, వైద్య పరికరాలను పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది.

రిస్క్: మొదటిదానికి పుర్రెకు రంధ్రం పెట్టాలి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. రెండోదానికి కోత లేదు.
ఖర్చు: మొదటిదానికి ఆపరేషన్, ఇంప్లాంట్, బ్యాటరీ. రెండోదానికి యంత్రం, థెరపిస్టు.
శ్రమ: రెండింటికీ ఒకటే, ఫిజియోథెరపీ మానకూడదు. మిగిలిన నరాల దారులను బలపరచేది ఆ సాధనే.

మెడ దగ్గర దెబ్బ తగిలి, గ్లాసు పట్టుకోవడమే కష్టమైనవారికి ప్యాడ్ల దారి ఉపయోగపడవచ్చు. కాళ్లలో కొంత కదలిక మిగిలినవారికి మెదడు దారి ఆశే, కానీ అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇద్దరి ఫలితం చూసి ఇల్లు తాకట్టు పెట్టకండి.