వరంగల్ మట్టెవాడ పాత ఇంట్లో మురుగు పైపుకు కెమెరా పెట్టించాను

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం మా అమ్మ స్నానాల గది జాలీలోంచి గులాబి రంగు నీళ్ళు పైకి వచ్చాయి. పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి గునుగు పూలకు రంగు అద్ది, మిగిలిన బకెట్ నీళ్ళను వాళ్ళ బాత్రూంలో పారబోసింది. పది నిమిషాలైనా కాలేదు, ఆ రంగు నీళ్ళూ వాటి వెనకే మురుగూ గడప దాటి అమ్మ మంచం దాకా వచ్చేశాయి. అమ్మకు 76 ఏళ్ళు, గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ తడిలో కాలు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. సగం పేర్చిన బతుకమ్మను అలాగే వదిలేసి సాయంత్రం దాకా నేల కడుగుతూ కూర్చున్నాం.

ఈ ఇల్లు నాన్న 1984లో కట్టించారు. అప్పట్లో అందరూ వేయించుకున్నట్టే మురుగుకు స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలు వేయించారు. రెండు మూడు అడుగులకొక అతుకు, అతుకు చుట్టూ సిమెంటు. వంటగది, కింది బాత్రూంలు, పై వాటా, అన్నీ కలిసి ముందు వాకిట్లోని ఛాంబర్‌లో, అంటే మూత ఉన్న మురుగు తొట్టిలో పడతాయి. అక్కడినుంచి ఒకటే పైపు సెప్టిక్ ట్యాంకుకు, ట్యాంకు నుంచి వీధి మోరీకి. ఆ ఒక్క పైపు మూసుకుంటే ఇల్లంతా ఆగిపోతుంది. అన్నిటికంటే పల్లంలో ఉన్నది అమ్మ గది జాలీ కాబట్టి మురుగు మొదట పైకి తన్నేది అక్కడే.

నిజానికి మూడు నెలల ముందు నుంచే సూచనలు కనిపిస్తున్నాయి. పైన వాషింగ్ మెషిన్ నీళ్ళు వదిలినప్పుడల్లా కింద జాలీలో గుడగుడమని చప్పుడు. "ఎవరో సీసాతో నీళ్ళు తాగుతున్నట్టుందే" అని అమ్మ రెండు మూడుసార్లు అంది. వంటగది సింకు, బాత్రూం, మరుగుదొడ్డి మూడూ నెమ్మదించాయి. ఒక్కటే నెమ్మదిస్తే ఆ ఒక్కదాని ట్రాప్‌లోనే (కింద నీళ్ళు నిలిచే వంపు గొట్టంలో) ఏదో ఇరుక్కుని ఉంటుంది. రెండు మూడు కలిసి నెమ్మదిస్తే తప్పు అసలు పైపులోనే అని అనుకోవాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

అంతకుముందు ఇద్దరిని పిలిచాను. ఒకరు వెదురు బద్దతో పొడిచి 800 రూపాయలు తీసుకుని వెళ్ళారు. ఇరవై రోజులు బాగుంది. ఇంకొకరు రెండు సీసాల యాసిడ్ పోశారు. అది పనిచేయకపోగా, ఆ వాసనకు అమ్మ రాత్రంతా దగ్గింది. పైపులోకి చెట్టు వేళ్ళు చొచ్చుకొచ్చి ఉంటే అవి యాసిడ్‌తో పోవు. తరువాత ఛాంబర్‌లో చేయి పెట్టేవాళ్ళ చర్మం మాత్రం కాలుతుంది. పైపులో బ్లీచింగ్ పౌడర్ ఉంటే యాసిడ్‌తో కలిసి క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఆయనే చివరికి "ట్యాంకులోకి మనిషిని దింపుదాం" అన్నారు. వద్దని గట్టిగా చెప్పి పంపేశాను. రక్షణ సామగ్రి లేకుండా అలా మనిషిని దింపడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. చట్టం మాట అలా ఉంచినా, ఆ ట్యాంకులో ఉండే వాయువులకు మనిషి నిమిషాల్లో పడిపోతాడు. మా ఇంటి మురుగు కోసం ఇంకొకరింటి బిడ్డ ప్రాణం మీదికి తేవడం నా వల్ల కాదు.

ఇక పైపులోకి కెమెరా పంపి చూసే ఈ సేవ సంగతి. హనుమకొండ నుంచి వస్తారు, ముగ్గురు కలిసి నడుపుకుంటున్న చిన్న పని. చెల్లెలి దగ్గర పనిచేసే ఆవిడ నంబరు ఇచ్చింది. ఆ ముగ్గురిలో ఒక అబ్బాయి ఫోనులోనే నన్ను నాలుగు ప్రశ్నలు అడిగాడు. నీళ్ళు ఒక్క చోటే నిలుస్తున్నాయా, అన్ని చోట్లా? పైన వదిలితే కింద వస్తున్నాయా? దగ్గర్లో చెట్టు ఉందా? ఛాంబర్ మూత ఎక్కడుంది? గులాబి నీళ్ళ సంగతి చెప్పగానే "సగం పని మీరే చేశారమ్మా" అన్నాడు. "మేము వచ్చేదాకా పైన ఎవరినీ నీళ్ళు వదలనివ్వకండి, ఫ్లష్ చేయనివ్వకండి" అని మరీ మరీ చెప్పాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మర్నాడు వచ్చి మొదట ఛాంబర్ మూత తీశారు. ఛాంబర్ ఎండి ఉంటే అడ్డు ఇంటికీ ఛాంబర్‌కూ మధ్య ఉన్నట్టు, నిండి ఉంటే దాని అవతల ఉన్నట్టు. మాది అంచుదాకా నిండి ఉంది. ట్యాంకులో మట్టం మాత్రం పైపు నోటికంటే కిందే ఉంది. అంటే ట్యాంకు నిండలేదు, మధ్యలోని ముప్పై అడుగుల పైపులోనే చిక్కు. స్ప్రింగు కడ్డీతో చిన్న దారి చేసి నీళ్ళు దింపి, ఆ తరువాత కెమెరా పంపారు.

తెర మీద చూసింది ఇంకా నా కళ్ళముందే ఉంది. గొట్టం లోపల మసక వెలుతురు, గోడలకు అట్టకట్టిన తెల్లటి నూనె జిడ్డు, 22 అడుగుల దగ్గర అతుకు పగిలి కొబ్బరి పీచులా వేళ్ళు వేలాడుతున్నాయి. వాటికి పిల్లలను తుడిచే తడి టిష్యూలు చుట్టుకుని ఉన్నాయి. బ్లేడుతో కోసి బయటికి లాగితే మూరెడు జడలా వచ్చింది. వాకిట్లో కుర్చీలో కూర్చున్న అమ్మ దాన్ని చూసి "మీ నాన్న నాటిన కానుగదే" అంది.

చెట్టు కొట్టించాలేమో అని నాకు భయమేసింది. అక్కర్లేదన్నాడు ఆ అబ్బాయి. ఊరికే వేళ్ళు కోసి వదిలితే తడి కోసం మళ్ళీ ఆ పగులులోకే వస్తాయి, కాబట్టి పగుళ్ళున్న పది అడుగుల ముక్కను తీసేసి రబ్బరు రింగు అతుకులున్న ఆరంగుళాల పీవీసీ పైపు వేద్దామన్నాడు. కెమెరా చూపించిన చోట నేల మీద సుద్దతో గీత గీసి అక్కడే తవ్వారు, వాకిలంతా తవ్వలేదు. వాలు కూడా నా ముందే కొలిచారు. ఆరంగుళాల పైపుకు అరవై అడుగులకు ఒక అడుగు వాలు కావాలట. పది అడుగులకు రెండంగుళాలు. వాలు తక్కువైతే మురుగు కదలదు. మిగిలిన పైపును నీటి జెట్టుతో కడిగి, మళ్ళీ కెమెరా పంపి చూపించాకే డబ్బులు అడిగారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

2023 జూలై వానలకు వీధి మోరీ నిండి, మురుగు మా ట్యాంకులోకి ఎదురు తన్నింది. అది చెప్పగానే ట్యాంకు నుంచి మోరీకి వెళ్ళే పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ బిగించారు. నీళ్ళు బయటికి పోతాయి, లోపలికి రాబోతే రెక్క మూసుకుంటుంది. రెక్క కింద వెంట్రుకలో గుడ్డపీలికో చిక్కితే మూసుకోదు కాబట్టి వానలకు ముందు తెరిచి కడగాలి. డాబా మీద వాన నీటి గొట్టాన్ని ఎవరో ఎప్పుడో మా ఛాంబర్‌లోకే కలిపారు. దాన్నీ విడదీశారు. పెద్ద వానకు ఆ ఒక్క గొట్టమే ఛాంబర్‌ను నింపేస్తుంది.

కెమెరాకు 1,500, వేళ్ళు కోసి జెట్టు పెట్టినందుకు 3,000, పైపు, తవ్వకం, వాల్వ్ కలిపి 9,200. మొత్తం 13,700 రూపాయలు. తక్కువేమీ కాదు. కానీ ముందే చెప్పారు, చెప్పినదానికి ఒక్క రూపాయి పెంచలేదు.

లోపాలూ చెప్పాలి. తొమ్మిదికి వస్తామని పదకొండున్నరకు వచ్చారు, ఆ రెండున్నర గంటలూ ఇంట్లో ఎవరూ నీళ్ళు వాడలేక ఇబ్బంది పడ్డాం. వీడియో ఫోనుకు పంపమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. బిల్లు తెల్లకాగితం మీద రాసిచ్చారు, హామీ ఎంతకాలమో అందులో లేదు. తవ్విన చోట తాండూరు బండలు రెండు సరిగా కూర్చోబెట్టలేదు. అమ్మ నడిచే దారి కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

ట్యాంకు ఖాళీ చేయించడం వీళ్ళ పని కాదు. దానికి 14420 హెల్ప్‌లైన్‌కు ఫోను చేయమన్నారు. మూడేళ్ళకోసారి చేయించాలట, మాది చేయించి అయిదేళ్ళు దాటింది. ట్యాంకరు వచ్చినప్పుడు లోపలికి మనిషి దిగకుండా గొట్టంతోనే తీయించాను, బండి అమ్మవారిపేట శుద్ధి కేంద్రానికే వెళ్తుందని అడిగి తెలుసుకున్నాను.

ఇప్పుడు పై వాటా అమ్మాయి టిష్యూలకు వేరే డబ్బా పెట్టుకుంది. నేను బాణలి నూనెను కాగితంతో తుడిచాకే కడుగుతున్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున ఛాంబర్ మూత తీసి, పైన ఒక బకెట్ నీళ్ళు పోయమని, అవి నిలవకుండా సాగిపోతున్నాయో లేదో చూస్తున్నాను. వానలకు ముందు మళ్ళీ కెమెరా పెట్టడానికి ఆ అబ్బాయితోనే మాట్లాడుకున్నాను. బండలు సరిచేయడానికి ఈ ఆదివారం వస్తామన్నారు. వచ్చేదాకా వాటి మీద కుర్చీ అడ్డం పెట్టి, అమ్మను పక్కనుంచి నడిపిస్తున్నాను.