రెడీమేడ్ వేపగింజల పొడి బస్తా: పంటకు కొట్టే కషాయానికి కొనొచ్చా?

ఎరువుల షాపుల్లో దొరికే ఈ పొడితో మర పట్టే పని తప్పుతుంది, అంతవరకు సుఖమే. గింజ నలగందే కషాయం దిగదు. పురుగు మేత మాన్పించే అజాడిరక్టిన్ అనే పదార్థం పప్పులో ఉంటుంది, గట్టి పెంకు నీటిని లోపలికి పోనివ్వదు.

కానీ ఎంత నలగాలన్నదే అసలు సంగతి. ఈ బస్తాలో పొడి మరీ మెత్తన. నూనె బయటికొచ్చి ఉండలు కడుతుంది, వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది, మిగిలిన నలక స్ప్రేయర్ నాజిల్‌కు అడ్డం పడుతుంది. గోధుమ రవ్వంత బరక చాలు. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి. జార్ వేడెక్కిందంటే పప్పు ముద్దయినట్టే.

5 శాతం కషాయానికి 5 కిలోల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను పిండుతూ ఉంటే పాలలాంటి తెల్లటి నీళ్లు వస్తాయి. పలచగా, గోధుమరంగులో వస్తే సరుకు పాతదనే అనుమానించాలి. రెండు మడతల గుడ్డలో వడకట్టి, 200 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేసి, సాయంత్రం పూటే కొట్టాలి. ఎండకు మందు చచ్చిపోతుంది.

బస్తా మీద గింజలు ఏరిన నెల ఉండదు, పెద్ద లోపం ఇదే. మూడు నెలలు నిండి, ఎనిమిది దాటని గింజే పనికొస్తుంది. పైగా పెంకుతో ఆడించారో, పప్పే ఆడించారో రాయరు. పెంకు కలిస్తే 5 కిలోలు చాలవు. నూనె తీసేసిన చెక్కనూ ఇదే పేరుతో అంటగడతారు, చూసుకోండి. బూజు లేని ఎండు గింజలు దొరికేచోట ఈ బస్తా దండగ.